నకిలీ క్రోనోగ్రాఫ్‌లో మేలైన క్వార్ట్జ్ మెషీన్ వేయించడం ఖర్చుకు తగిన పనేనా?

గోల్కొండ గడియారం

సభ్యులకు నమస్కారం. రోలెక్స్ డేటోనా రూపంలో చేసిన ఒక ‘ఫస్ట్ కాపీ’ క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతిగడియారం, నా దగ్గర ఉంది. ఆదివారం సంతలో 1,800 రూపాయలకు కొన్నాను. అది అసలుది కాదని అమ్మినవారికీ తెలుసు, నాకూ తెలుసు కనుక మోసపోయానన్న బాధ ఏమీ లేదు. స్టీలు కేసు బరువుగా, పట్టా బిగువుగా ఉన్నాయి. చిక్కంతా మెషీన్‌తోనే. క్రోనోగ్రాఫ్‌ను ఆపి సున్నాకు తెచ్చినప్పుడు పెద్ద సెకన్ల ముల్లు 12 మీద నిలవకుండా రెండు గీతలు దాటి ఆగుతుంది, పైగా నడిచేటప్పుడు సెకనుకొకసారి కుంటుతున్నట్టు కదులుతుంది. దీన్ని తీసేసి సీకో వారి వీకే63 అనే క్వార్ట్జ్ (సెల్లుతో నడిచే) మెషీన్ వేయించాలని నా ఆలోచన. కోఠీలో ఒక మరమ్మతు పనివారు మెషీన్, మజూరీ కలిపి 4,500 అన్నారు. ఇది పిచ్చిపని అని మా బావమరిది తీర్పు. మీరు ఏమంటారో కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత ఆల్విన్

మీ బావమరిదిగారి పక్షమే నాది. 1,800 వాచీకి 4,500 మెషీన్ అంటే అసలు కంటే కొసరు ముద్దన్నట్టే ఉంది. సీకో సాంకేతిక సహకారంతో మన హైదరాబాదులోనే ఆల్విన్ సంస్థ చేతిగడియారాలు తయారుచేసిన రోజులున్నాయి. వాటిలో ఒకటి పాతది దొరికితే అదే డబ్బుతో కొని, శుభ్రం చేయించి, ఇంకొకరి పేరు మోయకుండా దర్జాగా పెట్టుకోవచ్చు. క్రోనోగ్రాఫే కావాలంటే టైటాన్‌లోనో క్యాసియోలోనో చూడండి.

గోల్కొండ గడియారం

అయ్యా, ఆల్విన్ మీద నాకూ గౌరవమే, కానీ నేను అడిగినది వేరు. వాచీ కొన్న ధరకూ మరమ్మతు ఖర్చుకూ ముడిపెట్టడం ఎప్పుడూ సరికాదు. మా నాన్నగారి పాత హెచ్‌ఎంటీకి సర్వీసు చేయించిన ప్రతిసారీ దాని ధర కంటే ఎక్కువే అయింది, అయినా ఎవరూ తప్పుపట్టలేదు. లోపలి యంత్రం మేలైనదైతే వాచీ మేలైనదవుతుందా కాదా అన్నది నా ప్రశ్న.

మరమ్మతు బల్ల

నేను సికింద్రాబాదులో ఈ పనిమీదే బతుకుతున్నవాణ్ణి కనుక మజూరీ వద్దని నోరారా చెప్పను. అయితే మీకు 4,500 చెప్పినవారు వెనక మూత తీసి చూసి చెప్పారా, చూడకుండానే చెప్పారా అన్నది ముందు తేలాలి. ఎందుకంటే వాచీలో ఏ మెషీన్ పడుతుందన్నది మెషీన్‌ను బట్టి కాదు, డయల్‌ను బట్టి ఉంటుంది.

డయల్ తిరగేస్తే అడుగున సూదుల్లాంటి రెండు కాళ్ళు కనిపిస్తాయి. అవి మెషీన్‌లోని రెండు రంధ్రాల్లో దిగి డయల్‌ను కదలకుండా పట్టుకుంటాయి. ఒక్కొక్క రకం మెషీన్‌కు ఆ రంధ్రాలు ఒక్కొక్క చోట ఉంటాయి. మామూలు మూడు ముళ్ళ వాచీ అయితే కాళ్ళు కోసేసి, రెండువైపులా అంటుకునే చుక్కలతో డయల్‌ను నిలబెట్టి నెట్టుకురావచ్చు. క్రోనోగ్రాఫ్‌లో అది చాలా కష్టం. నడుమ ఇరుసులతోపాటు చిన్న డయల్‌లకు ఒక్కొక్క ఇరుసు చొప్పున రంధ్రాల గుండా పైకి వస్తాయి. డయల్ వెంట్రుకవాసి జరిగినా ఏదో ఒక ఇరుసు రంధ్రం అంచును రాస్తుంది, వాచీ ఆగిపోతుంది, లేదా అంతకంటే విసుగ్గా ఒకరోజు నడిచి ఒకరోజు నిలిచిపోతుంది.

ఇక ముళ్ళ సంగతి. ముల్లుకు ఉండే బెజ్జం, ఇరుసు లావు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన సరిపోవాలి. పాత ముళ్ళు కొత్త మెషీన్ మీద వదులైతే సున్నాకు కొట్టినప్పుడు జారిపోతాయి, బిగువైతే చిన్న ముళ్ళ గొట్టాలు చీలిపోతాయి. దీని తర్వాత కీ ఎత్తు ఉంది. కేసులోని రంధ్రం ఒక ఎత్తులో, మెషీన్‌లో స్టెమ్ (కీకి ఉండే సన్నని కడ్డీ) దూరే చోటు ఇంకొక ఎత్తులో ఉంటే కీ వంకరగా దిగుతుంది, నీటిని ఆపే గ్యాస్కెట్ ఒకవైపే అరుగుతుంది, మొదటి వానకే అద్దం లోపల చెమ్మ పడుతుంది. పక్కనున్న రెండు బటన్‌లు లోపలి మీటలను సరిగ్గా తాకాలి. వీకే63 మందం 5 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. పలచని మెషీన్ కోసం చేసిన కేసులో అది పట్టక, మూతను ఒత్తి బిగించినవారిని నేను చూశాను. ఆ ఒత్తిడికి మెషీన్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

వీటన్నిటినీ దాటారనే అనుకుందాం. అసలు డేటోనాలో 3 దగ్గరి చిన్న డయల్ 30 నిమిషాలు లెక్కపెడుతుంది, 9 దగ్గరిది 12 గంటలు లెక్కపెడుతుంది, 6 దగ్గరిది మామూలుగా నడిచే సెకన్లు. వీకే63లో 9 దగ్గర 60 నిమిషాల లెక్క ఉంటుంది, 3 దగ్గర ఉన్నది క్రోనోగ్రాఫే కాదు, రోజుకొకసారి తిరిగే 24 గంటల ముల్లు. మీ డయల్ మీద అసలుదాని అంకెలే అచ్చువేసి ఉంటే, కొత్త మెషీన్ వేసిన మరుక్షణం నుంచి 9 దగ్గర నిమిషాల ముల్లు గంటల అంకెల మీద తిరుగుతూ, 3 దగ్గర గంటల ముల్లు నిమిషాల అంకెల మీద తిరుగుతూ ఉంటుంది. ఎంత మంచి మెషీన్ వేస్తే అంత కచ్చితంగా తప్పు చూపిస్తుందన్నమాట. కాపీ ఇంకొక రకం, స్ప్రింగుతో నడిచే మెకానికల్ క్రోనోగ్రాఫ్‌దైతే, అంటే వాల్జూ 7750 అనే మెషీన్ మాదిరిగా చిన్న డయల్‌లు 12, 9, 6 దగ్గర ఉన్నదైతే, వీకే63 మాటే ఎత్తనక్కరలేదు, రంధ్రాలే కలవవు.

మూత తీస్తే సెల్లు పక్కన నంబరు కనిపించవచ్చు. మియోటా ఓఎస్20 వంటి తెలిసిన మెషీన్ అయి ఉంటే, అదే నంబరు కొత్తది తెచ్చి, అదే డయల్, అవే ముళ్ళు వేయించుకోవచ్చు. అది నిమ్మళమైన పని.

ఇంకొక మాట. సున్నాకు రాకపోవడం మెషీన్ చెడిపోయిన గుర్తు కానక్కరలేదు. చాలా క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్‌లలో కీని చివరి మెట్టు దాకా లాగి, పై బటన్ నొక్కితే పెద్ద ముల్లు ఒక్కొక్క అడుగు జరుగుతుంది. 12 మీదకు రాగానే కీ లోపలికి తోసేయాలి. సెల్లు మార్చిన తర్వాత మెషీన్ మీద ‘ఏసీ’ అని రాసి ఉన్న చోటునూ సెల్లునూ చిమటాతో ఒక క్షణం కలిపి సర్క్యూట్‌ను మొదటికి తేవాలి. ఆ పని చేయకపోయినా ముళ్ళు తలోదారిన పోతాయి.

విశ్రాంత ఇంజనీరు

మరమ్మతు బల్ల గారు డయల్ వైపు నుంచి చెప్పారు. నేను సర్క్యూట్ వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. ‘మేలైన క్వార్ట్జ్’ అనగానే కాలం ఎక్కువ కచ్చితంగా చూపుతుందని చాలామంది అనుకుంటారు. చవక మెషీన్ అయినా ఖరీదైన మెషీన్ అయినా మామూలుగా లోపలి స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒక స్పందన మిగులుతుంది. వీకే63కు దాని తయారీదారు చెప్పే హద్దు నెలకు 20 సెకన్లు అటూ ఇటూ. మీ పాత మెషీన్ కూడా ఆ హద్దులోనే ఉండే అవకాశం బాగా ఉంది. ముందు నెలరోజులు సరిచూసుకోండి.

ఈ స్ఫటికాలు 25 డిగ్రీల దగ్గర కచ్చితంగా నడిచేలా కోయబడి ఉంటాయి, అక్కడి నుంచి వేడి పెరిగినా చలి పెరిగినా నెమ్మదిస్తాయి. తేడా డిగ్రీల వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఒక డిగ్రీ వర్గానికి పది లక్షల్లో సుమారు 0.034 వంతు. మన మే నెలలో రేకుల గదిలో అల్మరాలో పెట్టిన వాచీ 40 డిగ్రీల దగ్గర నెలంతా ఉందనుకుంటే, 15 డిగ్రీల తేడాకు నెలకు 20 సెకన్ల దాకా వెనకబడుతుంది. చేతికి పెట్టుకున్న వాచీ శరీరపు వేడి దగ్గర ఇంచుమించు స్థిరంగా ఉంటుంది కనుక అంత తేడా రాదు. అంటే మెషీన్ మార్చడం కంటే వాచీని రోజూ పెట్టుకోవడమే కచ్చితత్వానికి చవకైన మార్గం. వేడిని కొలిచి తనను తాను సరిదిద్దుకునే క్వార్ట్జ్‌లు వేరే జాతివి. గ్రాండ్ సీకో 9ఎఫ్ ఏడాదికి 10 సెకన్ల హద్దులో, సిటిజన్ క్రోనోమాస్టర్ 5 సెకన్ల హద్దులో నడుస్తాయి. వాటి ధరలు ఈ చర్చలోకి రావు.

వీకే63లో నిజంగా మేలైనది వేరే ఉంది. దాని క్రోనోగ్రాఫ్ భాగం పాత మెకానికల్ పద్ధతిలో ఉంటుంది. పెద్ద ముల్లు సెకనుకు ఐదు అడుగులు వేస్తూ దాదాపు జారుతున్నట్టు నడుస్తుంది. బటన్ నొక్కగానే లోపలి సుత్తి హృదయాకారపు బిళ్ళలాంటి క్యామ్‌ను కొట్టి ముల్లును తటాలున సున్నాకు తెస్తుంది. ఆ స్పర్శ కోసం డబ్బు పెడతానంటే నేను కాదనను. కచ్చితత్వం కోసమైతే మాత్రం వద్దు. ఇందులో ముల్లు 12 తప్పితే బటన్‌లతో సరిదిద్దే వీలు లేదని కూడా గుర్తుంచుకోండి, ముల్లు ఊడదీసి మళ్ళీ కూర్చోబెట్టవలసిందే.

ముళ్ళు మార్చే చెయ్యి

పెద్దలందరూ ఒకే వైపు మొగ్గారు కనుక నేను రెండోవైపు నిలబడతాను. ఈ పని నేర్చుకోవాలనుకునేవాడికి కాపీ వాచీ కంటే మంచి బడి లేదు. డయల్ మీద గీత పడినా, ముల్లు వంగినా ఏడ్చేవారుండరు. గోల్కొండ గడియారం గారు పని బయట చేయిస్తే 4,500 దండగే, తానే కూర్చుని చేస్తే మెషీన్ ధర మాత్రమే. డయల్ కలవదన్న అభ్యంతరానికి కూడా దారి ఉంది. వీకే63 కోసమే చేసిన, ఏ సంస్థ పేరూ లేని ఖాళీ డయల్‌లు, ముళ్ళ జతలు విడిగా దొరుకుతాయి. అవి వేస్తే అంకెలూ సరిపోతాయి, దొంగపేరూ పోతుంది.

మరమ్మతు బల్ల

మంచి మాట, కానీ చివరిదాకా వెళ్ళండి. మెషీన్ కొత్తది, డయల్ కొత్తది, ముళ్ళు కొత్తవి. పాత వాచీలో మిగిలింది కేసు ఒక్కటే, కీ ఎత్తూ బటన్‌ల చోటూ కలవనిది కూడా ఆ కేసే. వీకే63కు సరిపడే కేసు కూడా పేరు లేకుండా దొరుకుతుంది కదా. అది కూడా కొన్నాక మనం కాపీని బాగుచేసినట్టా, దాన్ని పక్కనపెట్టి కొత్త వాచీ కట్టుకున్నట్టా?

న్యాయపక్షం

చట్టం గురించి ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలో 103, 104 సెక్షన్లు దొంగ మార్కు వేయడాన్నీ, అలాంటి సరుకు అమ్మడాన్నీ, అమ్మకానికి ఉంచుకోవడాన్నీ నేరంగా పేర్కొంటాయి. శిక్ష సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల దాకా జరిమానా. సొంత చేతికి పెట్టుకోవడం ఈ మాటల్లో లేదు. ప్రమాదం ఎక్కడంటే, రేపు మనసు మారి ‘సీకో మెషీన్ ఉన్న రోలెక్స్’ అని ఆన్‌లైన్‌లో పెట్టిన రోజున. మెషీన్ అసలుదైనంత మాత్రాన డయల్ మీది పేరు అసలుదైపోదు. పైగా మంచి మెషీన్ వల్ల కొనేవారు మరింత సులువుగా నమ్ముతారు. ఈ మార్పిడిలో నాకు నచ్చని విషయం అదే.

పాత ఆల్విన్

నా మాట వినకపోయినా వకీలుగారి మాటైనా వింటారని ఆశిస్తున్నాను.

గోల్కొండ గడియారం

అందరికీ ధన్యవాదాలు. మూత తీయించి చూశాను. లోపల పేరూ లేదు, నంబరూ లేదు. మెషీన్ చుట్టూ వెడల్పాటి ప్లాస్టిక్ వలయం, పలక కూడా చాలావరకు ప్లాస్టిక్కే. కనుక ‘అదే నంబరు కొత్తది’ అన్న దారి మూసుకుపోయింది. కీని చివరి మెట్టుకు లాగి పై బటన్ నొక్కితే ముల్లు నిజంగానే అడుగడుగుగా జరిగి 12 మీద నిలిచింది. అంతటితో నా ఫిర్యాదులో సగం తీరింది.

మరమ్మతు బల్ల గారు చెప్పిన తర్వాత ఇంకొకటి గమనించాను. క్రోనోగ్రాఫ్ ఆపి ఉంచి, సమయం మార్చడానికి కీ తిప్పుతుంటే 3 దగ్గరి చిన్న ముల్లు గంటల ముల్లుతోపాటే కదులుతోంది. అంకెలు మాత్రం 10, 20, 30 అని ఉన్నాయి. అంటే ఈ డయల్ కింద ఇప్పటికే 24 గంటల ముల్లు ఉంది. వీకే63 వేసినా సరిగ్గా అదే పొరపాటు కొనసాగేది, కాకపోతే అందుకు 4,500 ఇచ్చి ఉండేవాణ్ణి.

న్యాయపక్షం గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. అమ్మే ఉద్దేశం లేనివాడికి రేపటి నేరాన్ని ఇవాళే అంటగట్టడం న్యాయం కాదు. అయినా కాపీ కేసులో వీకే63 వేయించే ఆలోచన మానుకున్నాను. పేరు లేని కేసు, డయల్, ముళ్ళతో విడిగా కట్టుకోవాలనుకుంటున్నాను. ముళ్ళు మార్చే చెయ్యి గారు కొంత దారి చూపాలి.

ముళ్ళు మార్చే చెయ్యి

తప్పకుండా. కానీ మొదటి సాధన మాత్రం ఆ కాపీ మీదే చేయండి. చిన్న ముళ్ళు ఊడదీయడం, మళ్ళీ నిటారుగా దించడం చేతికి అలవాటయ్యాకే కొత్త డయల్ పొట్లం విప్పండి. ముళ్ళు తీసేటప్పుడు డయల్ మీద సన్నని ప్లాస్టిక్ కాగితం పరచడం మరవకండి.

మరమ్మతు బల్ల

ముళ్ళ జత కొనేటప్పుడు వీకే63 కోసమేనని అమ్మేవారి చేత రాయించుకోండి. నడుమ మూడు, చిన్నవి మూడు, మొత్తం ఆరు ఉండాలి. స్టెమ్ పొడుగ్గా వస్తుంది, కేసులో అమర్చి చూసి కొద్దికొద్దిగా కోయాలి. ఎక్కువ కోస్తే ఇంకొకటి కొనవలసిందే. పెద్ద సెకన్ల ముల్లు బిగించే ముందు కింది బటన్ నొక్కి సుత్తిని సున్నా మీద నిలపండి, ఆ తర్వాత ముల్లును 12కు సూటిగా దించండి. బిగించాక నాలుగైదుసార్లు నడిపి, ఆపి, సున్నాకు కొట్టి చూడండి. జారకపోతే మూత వేసేయవచ్చు.