అప్‌డేట్: తాళంచెవి తీశాక కూడా అదిరిన సెస్నా 172

పోయిన వారం ఇక్కడ అడిగాను: బెంగళూరులో సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం ఆపి, తాళంచెవి తీసి, ప్రొపెల్లర్‌ను చేత్తో కొద్దిగా జరిపితే ఇంజన్ ఒక్కసారి దగ్గినట్టు అదిరింది, ఇది మామూలేనా అని. మామూలు కాదు. ఎవరినీ దగ్గరికి రానివ్వవద్దని, మెకానిక్‌ను పిలవమని వెంటనే చెప్పిన మీ అందరికీ రుణపడి ఉంటాను.

మెకానిక్ పై కవరు విప్పి చూస్తే, ఎడమ మాగ్నెటోకు (ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీ లేకుండానే ఇంధనం మండించే నిప్పురవ్వను పుట్టించే పరికరం) వెళ్లే గ్రౌండ్ తీగ చివర తెగి ఉంది. ఇంట్లో స్విచ్ ఆపితే కరెంటు ఆగుతుంది. మాగ్నెటో లెక్క వేరు. తాళం ఆఫ్‌లో పెట్టినప్పుడు ఆ తీగే దాన్ని గ్రౌండుకు, అంటే విమానపు లోహానికి, కలిపి నిప్పురవ్వ రాకుండా చేస్తుంది. తీగ తెగితే మాగ్నెటో రవ్వ ఇవ్వడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, బ్యాటరీ ఆపినా సరే. సిలిండర్‌లో కాస్త ఇంధనం మిగిలి ఉంటే చాలు, చేత్తో జరపగానే అది మండి ప్రొపెల్లర్ గిర్రున తిరగొచ్చు. నా చేయి ఎక్కడుందో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

తీగ మార్చారు. ఇప్పుడు ఇంజన్ ఐడిల్‌లో, అంటే అతి తక్కువ వేగంలో, ఉండగా తాళాన్ని క్షణం పాటు ఆఫ్‌కు తిప్పి చూస్తున్నాను. ఇంజన్ ఆగిపోబోతున్నట్టు తగ్గాలి, తగ్గకపోతే మాగ్నెటో గ్రౌండ్ కానట్టే. ఆ తర్వాతే మిక్చర్ పిడిని (ఇంజన్‌కు ఇంధనం ఆపేది) పూర్తిగా లాగి ఇంజన్ ఆపుతాను.

చక్రాలకు అడ్డుదిమ్మలు, రెక్కలకు తాళ్లు ఎలాగూ తప్పవు, మే నెల గాలివానలకు పార్కింగ్ బ్రేకు ఒక్కటే చాలదు. రోజూ ఉదయం విమానం తుడిచే కుర్రవాడికి నిన్న నాకు వచ్చిన కన్నడలోనే ఇదంతా చెప్పాను. ఇప్పుడు అతను ప్రొపెల్లర్‌ను దూరంగా చుట్టి వెళుతున్నాడు.