వివాదం రేపిన చిత్రాలలో మన సంఘం దేనిని ప్రదర్శించాలి?

మారతహళ్ళి మధు:
మా అపార్ట్‌మెంటు తెలుగు సంఘం ఈసారి కులాన్నో, రాజకీయాన్నో నేరుగా నిలదీసిన చిత్రాన్ని ప్రదర్శించాలనుకుంటోంది. ఏది వేయాలి, హక్కుదారుల అనుమతి ఎలా సంపాదించాలి, ఆ తర్వాతి చర్చ పేచీగా మారకుండా ఎలా నడపాలి అన్నవి మా సందేహాలు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జయనగరం తాతగారు:
గూడవల్లి రామబ్రహ్మం గారిని తలచుకోకుండా ఈ మాట ఎత్తడమే అన్యాయం. 1938లో 'మాలపిల్ల', మరుసటి ఏడు 'రైతుబిడ్డ' తీసి, అంటరానితనాన్నీ జమీందారీ దాష్టీకాన్నీ ఆయన తెరమీదికి తెచ్చారు. జమీందారులను ఎండగట్టిన చిత్రాన్ని నిర్మించిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి రాజావారే కావడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది. మా సంఘంలో 'మాలపిల్ల' వేద్దామంటే, పేరు వినగానే నలుగురు లేచి వెళ్ళిపోయారు. కథ ఏమిటని ఒక్కరైనా అడగలేదు.

కమ్మనహళ్ళి కవిత:
ఉంటున్నది బెంగళూరులో కనుక కన్నడ చిత్రం 'సంస్కార' వేయండి. దాని దర్శకుడు పట్టాభిరామరెడ్డి గారు నెల్లూరు మనిషి, 'ఫిడేలు రాగాల డజన్' రాసిన మన కవి. కర్ణాటక ప్రభుత్వం నిషేధించినా, ఆ చిత్రం జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం గెలుచుకుంది.

గాంధీనగరం పంపిణీదారు:
ఈ వ్యాపారంలోనే తల నెరిసినవాడిని కనుక చెబుతున్నాను, కవిత గారూ. ఆ చిత్రాన్ని అడ్డుకున్నది రాష్ట్ర ప్రభుత్వం కాదు, మద్రాసులోని సెన్సారు బోర్డు. అగ్రహారపు కథ ఉద్రిక్తతలకు దారితీస్తుందని బోర్డు భయపడితే, కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. పైగా 1970 నాటికి ఈ రాష్ట్రం పేరు మైసూరు; కర్ణాటక అన్న పేరు 1973లో వచ్చింది.

రాజాజీనగర్ రాఘవ:
నిషేధం సంగతి అలా ఉంచండి. నవల అనంతమూర్తి గారిది, ప్రధాన పాత్రధారి గిరీశ్ కర్నాడ్, భాష కన్నడం. దర్శకుడి పుట్టిన ఊరు చూసి దానిని మన ఖాతాలో జమ చేసుకుంటే, ఇరుగుపొరుగు కన్నడిగుల ముందు నవ్వులపాలయ్యేది మనమే.

ఓరుగల్లు వాణి:
రాఘవ గారి లెక్కకు ఒక చిన్న పరీక్ష. తెలంగాణ సాయుధ పోరాటంపై వచ్చిన 'మా భూమి'కి దర్శకుడు బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్, ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. అయినా దానిని తెలుగు చిత్రం కాదని ఎవరైనా అనగలరా? చిత్రం ఎవరి గాయాన్ని చూపుతుందో వారిదే అవుతుంది. మద్రాసు స్టూడియోల చరిత్ర దాటి ఒక్క అడుగు కూడా వేయని ఈ చర్చలో ఆ చిత్రం పేరు ఇంతవరకు రాకపోవడం నాకు కష్టం కలిగించింది.

రాజాజీనగర్ రాఘవ:
వాణి గారూ, తమరు నా మాటనే బలపరిచారు. భాషను బట్టి 'మా భూమి' మనది, అదే భాషను బట్టి 'సంస్కార' వారిది.

కమ్మనహళ్ళి కవిత:
భాష ఒక్కటే కొలబద్ద అయితే పట్టాభిరామరెడ్డి గారి భార్య స్నేహలతారెడ్డి గారిని ఎక్కడ పెడతారు? అదే చిత్రంలో చంద్రిగా నటించిన ఆవిడను అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, ఈ ఊరి సెంట్రల్ జైలులో నిర్బంధించారు. ఉబ్బసంతో క్షీణించి, పెరోలుపై విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరిలో మరణించారు. ఆ జైలు స్థలమే నేటి ఫ్రీడమ్ పార్కు. అక్కడ వాహ్యాళికి వెళ్ళే మన తెలుగువారిలో ఈ సంగతి ఎరిగినవారు ఎందరో, రాఘవ గారే చెప్పాలి.

మడివాళ మనోహర్:
పాత కథలు చాలు. 2018లో రజనీకాంత్ తమిళ చిత్రం 'కాలా' విడుదలైనప్పుడు నేను టికెట్టు చేతపట్టుకుని థియేటరు గేటు దగ్గర నిలబడిపోయాను. ధారావి పేదల భూమి గురించిన ఆ చిత్రంలో కావేరి చుక్క కూడా లేదు. కావేరి జలాలపై నటుడు బయట మాట్లాడిన మాటకు సినిమా శిక్ష అనుభవించింది.

గాంధీనగరం పంపిణీదారు:
ఇలాంటి బెదిరింపులకు సుప్రీంకోర్టు 1989లోనే సమాధానం చెప్పింది. రిజర్వేషన్లపై వచ్చిన 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ చిత్రం సర్టిఫికెట్టును మద్రాసు హైకోర్టు రద్దు చేయగా, సుప్రీంకోర్టు పునరుద్ధరించి, ఊరేగింపులకు, హింసకు జడిసి భావప్రకటనను అణచరాదని తీర్పునిచ్చింది. చట్టం చదవకుండా సినిమాల గురించి వాదించేవారితో నాకు ఓపిక లేదు.

మడివాళ మనోహర్:
తీర్పు నాకూ తెలుసు. ఆ రోజు గేటు తెరిపించడానికి తమరు రాలేదు.

మారతహళ్ళి మధు:
పెద్దలకు నమస్కారం. అనుమతి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కమ్మనహళ్ళి కవిత:
హక్కులు ఎవరి వద్ద ఉన్నాయో కనుక్కుని, వారినుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆన్‌లైన్ చందా ఇంట్లో చూసుకోవడానికే గాని, సభలో ప్రదర్శించడానికి పనికిరాదు.

రాజాజీనగర్ రాఘవ:
'సంస్కార' వేసేటట్లయితే చర్చను మీ కన్నడ పొరుగువారిలో ఒకరిచేత నడిపించండి. నేనూ వస్తాను. పోస్టరు మీద 'మన తెలుగువారి చిత్రం' అని కనిపిస్తే మాత్రం గేటు దగ్గరినుంచే వెనుదిరుగుతాను.