మందారం రేకు కొస కత్తిరించొచ్చా?

పెరటికెమెరా:
ఎర్ర మందారాన్ని నలుపు తెలుపులో పెట్టాను, జతచేశా చూడండి. పువ్వు సరిగ్గా నడిమధ్యన ఉంది, చుట్టూ ఆకులు. పైన కుడి మూలన తెల్లగోడ ముక్క కంట్లో నలుసులా ఉంది. క్రాప్ చేస్తే గోడతో పాటు రెండు రేకుల కొసలూ పోతున్నాయి. తెలిసిన పెద్దాయన ఒకరు "కోశావంటే కెమెరాలో చూడటం రానట్టే" అన్నారు. నిజమేనా?

డార్క్‌రూమ్‌తాత:
ఆయన మాటే నా మాట. పరిగెత్తే పిల్లాణ్ణి తీశావంటే సరే, పువ్వు ఎక్కడికి పోతుంది బాబూ? రెండడుగులు పక్కకి జరిగితే గోడ పోయేది. 24 మెగాపిక్సెళ్ల ఫొటోని నిలువునా సగం, అడ్డంగా సగం కోస్తే మిగిలేది 6.

సెల్‌ఫొటో:
ఎక్కడికి పోతుందా? గాలికి ఊగుతుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది 😀

వెలుగునీడ:
తాతగారూ, ఆ 6 అంటే 3000×2000 పిక్సెళ్లు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 10 అంగుళాల ప్రింటు, ఇంటి గోడకి చాలదా? అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1925 ప్రాంతంలో తీసిన మాగ్నోలియా పువ్వు ఫొటో చూడండి. రేకులు ఫ్రేము దాటిపోతాయి, కన్ను మాత్రం నడుమ కేసరాల దగ్గరే ఆగుతుంది. గోరంత కోస్తేనే చిక్కు, చెయ్యి జారి కోసినట్టుంటుంది. కోస్తే ధైర్యంగా కోయాలి.

డార్క్‌రూమ్‌తాత:
దగ్గరికెళ్లి తీయడం వేరమ్మా, దూరం నుంచి తీసి కోయడం వేరు. దగ్గరికెళితే ముందున్న రేకు పెద్దదవుతుంది, వెనక ఆకులు మసకబారతాయి. కత్తెరకి ఆ పని చేతకాదు.

వెలుగునీడ:
అది ఒప్పుకుంటా. అయినా ఈ ఫొటోకి అసలు జబ్బు వేరే ఉంది. ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఇంచుమించు ఒకే బూడిదరంగులోకి దిగిపోయాయి, అందుకే పువ్వు ఆకుల్లో కలిసిపోయింది. కలర్ ఫైలు ఉంటే మళ్లీ నలుపు తెలుపులోకి మార్చండి. ఎరుపు స్లైడర్ పెంచి, ఆకుపచ్చ, పసుపు తగ్గించండి. ఫిల్మ్ రోజుల్లో లెన్సు ముందు పెట్టే ఎర్ర ఫిల్టరు ఇంచుమించు ఈ పనే చేసేది. ఎంత కోయాలో ఆ తర్వాతే తెలుస్తుంది.

పెరటికెమెరా:
చేశానండి. ఆకులు చీకట్లోకి వెళ్లాయి, పువ్వు తేలింది. గోడ మాత్రం తెల్లగానే ఉండిపోయింది. పైనా కుడివైపునా కోసి చతురస్రం చేశా. రెండు రేకులు బాగానే తెగాయి. మధ్యలో పొడుచుకొచ్చిన కాడ ఎడమకి చూస్తోంది కాబట్టి ఆ కొస ముందు కాస్త ఖాళీ వదిలా.

డార్క్‌రూమ్‌తాత:
ఆ ఖాళీ బాగుంది. రేపు పొద్దున ఇంకోటి పూస్తుందిగా, గోడకి వీపు పెట్టి నేలమీద కూర్చుని తీయి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

సెల్‌ఫొటో:
చీమలుంటాయి, చూసుకుని కూర్చో అన్నా.