గెట్టు తగాదా కేసులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న (జగిత్యాల జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. గత వానాకాలం నాట్లకు ముందు పొలం గెట్టు దగ్గర మా కుటుంబానికీ పక్క పొలం వారికీ కొట్లాట జరిగింది. ఇరువైపులా ఫిర్యాదులు వెళ్లి రెండు కేసులు నమోదయ్యాయి. మా మీద ఉన్న కేసులో నాన్న ఏ-1 (మొదటి ముద్దాయి), చిన్నాన్న ఏ-2, తమ్ముడు ఏ-3. భారతీయ న్యాయ సంహిత 115(2) (గాయపరచడం), 118(1) (ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం), 351(2) (బెదిరింపు) సెక్షన్లను 3(5) (ఉమ్మడి ఉద్దేశం)తో కలిపి చార్జిషీటు వేశారు. పోలీసులు అరెస్టు చేయకుండా 35(3) నోటీసు (పిలిచినప్పుడు హాజరు కావాలనే నోటీసు) ఇచ్చి పంపించారు. ఇప్పుడు మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సమన్లు రావడంతో వకీలు గారిని పెట్టుకుని వకాలత్ వేశాం. వచ్చే జాతీయ లోక్ అదాలత్ నాడు ముగ్గురూ నేరం ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని వకీలు గారి గుమాస్తా అంటున్నారు. తమ్ముడు విడిపించడానికే వెళ్లాడు తప్ప ఎవరినీ కొట్టలేదు. అతనికి దుబాయ్‌లో పని సిద్ధంగా ఉంది, పాస్‌పోర్టు గడువేమో దగ్గర పడింది. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపగలరు.

సమాధానం 1 (మేజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది)

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోండి. లోక్ అదాలత్‌లో రాజీ పడటం వేరు, అదే రోజు అదే కోర్టు హాలులో నిలబడి నేరం ఒప్పుకోవడం వేరు. రాజీ కుదిరితే చట్టం దృష్టిలో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్లే. ఈ మాట క్రిమినల్ కేసులు నడిచే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షన్‌లోనే ఉంది. నేరం ఒప్పుకుంటే మాత్రం, జరిమానా వెయ్యి రూపాయలైనా, అది శిక్ష పడిన కేసుగానే రికార్డులో నిలిచిపోతుంది. రేపు ప్రభుత్వ ఉద్యోగ దరఖాస్తులోనో, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగే విదేశీ కొలువులోనో ఆ రికార్డుకు జవాబు చెప్పుకోవలసింది మీ తమ్ముడే గాని గుమాస్తా కాదు. కొట్టలేదని చెబుతున్న మనిషి కేవలం వాయిదాలు తిరగలేక నేరం ఒప్పుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

115(2), 351(2) సెక్షన్లు గాయపడిన వ్యక్తి, బెదిరింపుకు గురైన వ్యక్తి ఒప్పుకుంటే అక్కడే రాజీ చేసుకోదగినవి. 118(1) అలాంటిది కాదు. ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం అనే ఈ నేరానికి మూడేళ్ల వరకు జైలు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. రాజీకి వీలులేని నేరంలో లోక్ అదాలత్‌కు అధికారమే లేదు కాబట్టి, ఇరువర్గాలూ నిజంగా కలిసిపోతే ఆ రాజీ పత్రాలతో హైకోర్టులో అదే నాగరిక సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద కేసు కొట్టివేయమని పిటిషన్ వేసుకోవాలి. సొంత తగాదాల నుంచి పుట్టిన ఇలాంటి కేసులను హైకోర్టు కొట్టివేయవచ్చని సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో చెప్పింది. మీకు ఎదురు కేసు కూడా ఉంది కనుక రాజీ మాటలు రెండు కేసులకూ కలిపి సాగాలి. ఒకటి ముగిసి రెండోది మిగిలిపోతే మళ్లీ గెట్టు దగ్గరే నిలబడతారు.

ఇవన్నీ తేల్చుకునే ముందు చార్జిషీటు నకళ్లు చదవండి. ముద్దాయి హాజరైన 14 రోజుల్లోపు ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు తదితర కాగితాలన్నీ ఉచితంగా ఇవ్వాలని అదే సంహిత 230వ సెక్షన్ చెబుతోంది. ఏ-3 చేతిలో ఏముందని రాశారు, అతను ఎవరిని ఎక్కడ కొట్టాడని చెప్పారు, ఆ మాట మొదటి ఫిర్యాదులోనే ఉందా లేక తర్వాతి వాంగ్మూలాల్లో వచ్చి చేరిందా, గాయాల సర్టిఫికెట్‌లో వైద్యులు రాసినది ఆ మాటలకు సరిపోతోందా అన్నది వరుసగా చూడాలి. ఈ సంగతులు గుమాస్తాతో కాకుండా వకీలు గారితోనే నేరుగా కూర్చుని మాట్లాడండి. ఆయనపై నమ్మకం కుదరకపోతే వకాలత్ మార్చుకునే హక్కు మీకు ఉంది. మొదట ఆయన దగ్గర అభ్యంతరం లేదని రాయించుకోవడం మర్యాద కూడా.

సమాధానం 2 (గల్ఫ్ కుటుంబం నుంచి)

పాస్‌పోర్టు గురించి నాకు తెలిసింది చెబుతాను. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టే విదేశానికి వెళ్లడానికి అనుమతి ఇస్తే పాస్‌పోర్టు ఇస్తారు. ఉత్తర్వులో కాలపరిమితి రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు కాబట్టి, ఎన్నేళ్లకు కావాలో పిటిషన్‌లోనే అడిగించండి. దరఖాస్తులో కేసు సంగతి దాచవద్దు. పోలీసు విచారణలో అది ఎలాగూ బయటపడుతుంది.

తమ్ముడు వెళ్లేటట్లయితే వ్యక్తిగత హాజరు నుంచి మినహాయింపు కోరుతూ నాగరిక సురక్షా సంహిత 228వ సెక్షన్ కింద ముందే పిటిషన్ వేయించాలి. చెప్పకుండా వాయిదా తప్పితే నాన్‌బెయిలబుల్ వారెంటు వచ్చే ప్రమాదం ఉంది, దాన్ని రీకాల్ చేయించుకోవడానికి మనిషి ఇక్కడ ఉండాలి.

సమాధానం 3 (న్యాయసేవా కమిటీలో పనిచేసిన వ్యక్తి)

ఖర్చు భారమైతే ఒక మార్గం ఉందండీ. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చు, మిగిలినవారికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. మీ కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయసేవా కమిటీలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ ధన్యవాదాలు. నిన్న నకళ్లు అందాయి. ఫిర్యాదులో కర్రతో కొట్టింది ఏ-1 అని మాత్రమే ఉంది. తమ్ముడు చేతులతో నెట్టాడని ఇద్దరు సాక్షులు తర్వాత చెప్పారు. దీనిపై ఇప్పుడే ఏమైనా చేయవచ్చా?

సమాధానం 1 రాసిన న్యాయవాది

చేయవచ్చు. 118(1) ఉన్నందువల్ల ఇది వారెంటు కేసు (రెండేళ్లకు మించి జైలు పడగల నేరాల కేసు) పద్ధతిలో నడుస్తుంది, అందులో అభియోగాలు నమోదు కాకముందే డిశ్చార్జి పిటిషన్ (కేసు నుంచి తప్పించమని కోరే పిటిషన్) వేసే వీలుంది. అయితే ఆ దశలో కోర్టు పోలీసులు దాఖలు చేసిన కాగితాలనే చూస్తుంది, మీ వైపు సాక్ష్యాన్ని చూడదు. 3(5) చేర్చారు కనుక ఉమ్మడి ఉద్దేశంతోనే అందరూ కలిసి కొట్టారని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది, కాబట్టి ఫలితం ఖాయమని చెప్పను. కానీ కర్ర ఊసు లేని మనిషిని 118(1) నుంచైనా తప్పించమని అడగడానికి మీరు చెప్పిన ఆధారం గట్టిదే. నకళ్లు అందిన తేదీ నుంచి 60 రోజుల్లోపు ఈ పిటిషన్ వేయాలని నాగరిక సురక్షా సంహిత 262వ సెక్షన్ చెబుతోంది. నిన్నటి తేదీని వకీలు గారి ఫైలు మీద రాయించి, లోక్ అదాలత్ నాటికి తమ్ముడి తరఫున నేరం ఒప్పుకునే మెమో ఏదీ దాఖలు కాకుండా ఆయనతో ఈ వారమే మాట్లాడండి.