దవడ చేపా, పుక్కిలి చేపా?

చెన్నైలో కొళత్తూరు రంగుచేపల అంగళ్లలో ఒక ఉప్పునీటి తొట్టి ముందు మా అమ్మాయి అరగంట కదల్లేదు. వేలెడు చేప. తల పసుపు, ఒళ్లు పాలిపోయిన నీలం. ఇసుకలో నిలువునా తవ్వుకున్న బొరియ మీద, తోక కిందికి పెట్టి నిలబడ్డట్టు తేలుతోంది. నేను వేలు చూపించానో లేదో, తోక ముందుగా లోపలికి జారిపోయింది. కాసేపటికి కళ్లు మాత్రం పైకొచ్చాయి, పెళ్లివారొస్తే తలుపుసందులోంచి చూసే పిల్లలా.

అంగడాయన 'జా ఫిష్' అన్నాడు. అమ్మాయి ఇంటికొచ్చి తెలుగులో రాసుకుంటానంటే 'దవడ చేప' అని చెప్పేశాను. చెప్పాక నాకే రుచించలేదు. దవడ అనగానే మనకు పంటి నొప్పో, చెంపదెబ్బో గుర్తొస్తుంది.

శాస్త్రం పెట్టిన పేరూ దవడే లెండి. ఒపిస్టోగ్నాథస్ ఆరిఫ్రాన్స్: మొదటి మాట గ్రీకులో 'వెనక దవడ', రెండోది లాటిన్‌లో 'బంగారు నుదురు'. 1905లో పెట్టారు. దీని ఊరు ఫ్లోరిడా, బహామాస్, కరీబియన్ సముద్రం. పగడపు దిబ్బల పక్కన ఇసుక, పగడపు ముక్కలు కలిసిన నేల కావాలి. 3 మీటర్ల లోతు నుంచి 40 దాకా ఉంటుంది. పెరిగితే 10 సెంటీమీటర్లు. నీళ్లలో కొట్టుకొచ్చే సన్నజీవాలే తిండి, అందుకే గుమ్మం వదిలి దూరం పోదు.

అసలు సంగతి నోటిది. తవ్వడానికి దానికి చేతులా, గోళ్లా? ఇసుక నోటినిండా తీసుకుని బయటికొచ్చి ఉమ్ముతుంది. గుడ్లు మోసేది మగచేప, అదీ నోట్లోనే, పిల్లలయ్యేదాకా వారం పైచిలుకు. మధ్యమధ్య నోరు తెరిచి గుడ్ల ముద్దను కొంచెం బయటికి వదిలి మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది, గుడ్లకు గాలి తగలాలని. మనం పొద్దున నీళ్లతో చేసే పనే కదా ఇది! అందుకే నా మాట: పుక్కిలి చేప. ఏమంటారు?

నెల్లూరు నుంచి ఒకరు:
పుక్కిలి బాగుంది అన్నా. 'బొరియ' దగ్గరే నాకు పేచీ. ఎలుకది కలుగు, దొంగ వేసేది కన్నం, ఎండ్రకాయది మా వైపు బొక్క. మీ చేప ఇసుక కూలకుండా చుట్టూ రాళ్లూ గవ్వముక్కలూ పేర్చుకుంటుందని చదివాను. పక్క చేప రాళ్లు కూడా ఎత్తుకొస్తుందట. రాతికట్టు కట్టినాక అది బావి. మా తాత ఇసుకనేలలో ఒరలు దించకుండా బావి తవ్వనిచ్చేవాడు కాదు.

పెరంబూరు నుంచి మరొకరు:
పుక్కిలి అంటే జనానికి ముందు పుక్కిటి పురాణాలే గుర్తొస్తాయండీ. చేపనే కల్పించారనుకుంటారు.

నేను:
అనుకోనీండి అక్కా, ఆ పురాణాలూ నోట్లో పుట్టినవేగా. పుక్కిలి–పుక్కిట, కౌగిలి–కౌగిట, ముంగిలి–ముంగిట: ఈ 'ట' ఉన్న మాటలు మా ఇంట్లో జారిపోతున్నాయి. అమ్మాయి 'పుక్కిలిలో' అంటే మొదట నేను దిద్దలేదు కూడా, ఈ ఊళ్లో నాకూ నాలుక మొద్దుబారింది. చేప పుణ్యమా అని మొత్తం వరుస పలికించాను.

తమ్ముడూ, బావికి ఒప్పుకున్నాను. అమ్మాయి ఒప్పుకోలేదు. చీకటి పడే వేళకు ఆ చేప ఒక రాయిని లాక్కుని పైన మూసేస్తుంది, బావికి ఎవరైనా లోపలినుంచి తలుపేసుకుంటారా అని అడిగింది. నోటుపుస్తకంలో చివరికి ఇలా రాసుకుంది: 'పగలు పుక్కిట గుడ్లు, రాత్రి వాకిట రాయి.'