ఫొటో పదును: లెన్స్ మార్చాలా, టైం మార్చాలా, ఏఐకి ఇచ్చెయ్యాలా?

నీలిరెక్క:
మధ్యాహ్నం పూట శంషాబాద్‌లో దిగే విమానాలు తీస్తున్నాను. 70-300 ఎంఎం లెన్స్, ఎఫ్/5.6, షట్టర్ 1/1600 సెకను. ఫోకస్ విమానం మీదే ఉంటోంది, అయినా తోక దగ్గర వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చదవలేనంత మెత్తగా వస్తోంది. ఒకరేమో 150-600 కొనమంటారు, ఇంకొకరు ఏఐ షార్పెనింగ్ చాలంటారు. ఏది నయం?

గండిపేట గద్ద:
అప్పుడే కొనకు తమ్మీ. ఎండల కాంక్రీట్ మీదికెళ్లి లేచే వేడిగాలికి ఎంత ఖరీదు లెన్స్ అయినా ఒకటే. 600 పెడితే ఆ అలలు ఇంకా పెద్దగ కనవడ్తయ్. ముందుగాల ఫొటోను 100 శాతం పెద్దగ జేసి చూడు. ముక్కు మంచిగుండి, కిటికీల వరస పాము లెక్క మెలికలు తిరిగితే వేడిగాలే. బొమ్మంతా ఒకే దిక్కు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. విమానం మెత్తగ, వెనకాల గడ్డి పదునుగ ఉంటే ఫోకస్ తప్పింది. వేడిగాలే అయితే పొద్దుగాల్నే పో, లేకుంటే విమానానికి దగ్గరయ్యే జాగ చూస్కో. ఏసీ కారుల కూసొని కిటికీలకెళ్లి తియ్యకు, చల్లగాలి వేడిగాలి కలిసేది నీ లెన్స్ ముందల్నే. వెలుతురుంటే లెన్స్ రంధ్రం జర చిన్నగ జేసి ఎఫ్/8 పెట్టు.

పిక్సెల్ పంతులు:
ఆఫీసుకెళ్లే వాళ్లకి పొద్దున్నే శంషాబాద్ ఎలా కుదురుతుందండీ? కుదిరిన టైంలో తీసి, ఏఐతో బాగు చేసుకుంటే తప్పేంటి? పదును పెట్టే అన్‌షార్ప్ మాస్క్ పద్ధతి డార్క్‌రూమ్ రోజుల నుంచీ ఉన్నదేగా!

రన్‌వే 27:
పంతులు గారూ, రెండూ ఒకటి కాదు. అన్‌షార్ప్ మాస్క్ ఉన్న అంచు దగ్గర నలుపు తెలుపుల తేడా పెంచుతుంది. ఏఐ అయితే లేని అంచును ఊహించి గీస్తుంది. మసక నంబరు దానికిచ్చి చూడండి, బి కాస్తా ఇ అయిపోవచ్చు. అది ఏ విమానమో చెప్పేదే ఆ నంబరు కదా! అతిగా లాగితే విమానం చుట్టూ తెల్లగీత, అక్షరాల వాలుగీతల మీద మెట్లు. విమానాల ఫొటో సైట్లలో ఫొటోలు పరిశీలించి ఒప్పుకునే స్క్రీనర్లు ముందు చూసేది వాటినే.

పిక్సెల్ పంతులు:
నేను స్క్రీనర్ల కోసం తియ్యనండీ. నంబరుకి ఏఐ తగలకుండా దాని మీద మాస్క్ వేసి వదిలేస్తా. 1200 పిక్సెళ్లకి తగ్గిస్తే మిగతా మెత్తదనం ఎవరికీ కనపడదు.

గండిపేట గద్ద:
చిన్నగ జేసుడు మంచిదే, కానీ షార్ప్ జేసేది చిన్నగ జేసినంకనే, అది గూడ జర్రంత. ఇంకో మాట, అన్నిటికీ 1/1600 పెట్టకుండ్రి. 2022ల బేగంపేటల వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శనల వాయుసేన సారంగ్ జట్టు హెలికాప్టర్లు ఎగిరినప్పుడు గట్ల తీసినోళ్ల ఫొటోలల్ల పంకాలు ఆగిపోయినట్టే ఉన్నయ్. 1/125 దగ్గర తీస్తే పది ఫొటోలల్ల ఎనిమిది పోతయ్, కానీ మిగిలినయి ఎగురుతున్నట్టుంటయ్.

రన్‌వే 27:
పంతులు గారూ, ఏఐ వాడితే వాడండి, ఫొటో కింద ఆ మాట రాయండి.

పిక్సెల్ పంతులు:
రాస్తానండీ. మరి మీరు ఆకాశంలో కరెంటు తీగ చెరిపేసినప్పుడు రాస్తున్నారా?