అప్‌డేట్: నా జేమ్సనైట్ జేమ్సనైట్ కాదని తేలింది

రొమేనియాలోని హెర్జా గని శాంపిల్ ఫోటో పెట్టి, ఈ బూడిదరంగు వెంట్రుకల కుచ్చు లేబుల్‌లో రాసినట్టు జేమ్సనైట్ అనే సీసపు ఖనిజమేనా అని అడిగింది నేనే. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

“ఒక్క పోగు వంచి చూడండి” అన్న సలహానే దారి చూపింది. సూదిమొనతో తోస్తే మెల్లగా వంగింది, విరగలేదు. జేమ్సనైట్ అయితే పెళుసు, పుటుక్కుమనాలి. ఆ తర్వాత ల్యాబ్‌లో ఈడీఎస్ (ఏయే మూలకాలున్నాయో చూపే ఎక్స్‌రే పరీక్ష) చేయిస్తే సీసం, యాంటిమొని, గంధకం మాత్రమే కనిపించాయి. ఇనుము జాడే లేదు; జేమ్సనైట్ ఫార్ములాలో అది ఉండి తీరాలి. ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్‌రే పరీక్ష) కూడా బౌలాంజరైట్ అనే మరో సీసపు ఖనిజానికే సరిపోయింది: దాని ఫార్ములాలో సీసం 5, యాంటిమొని 4, గంధకం 11 పరమాణువులు.

రంగు, కాఠిన్యం గురించి నేను పడ్డ టెన్షనంతా దండగ. రెండు ఖనిజాలూ బూడిదరంగే, మోస్ కాఠిన్య స్కేలు మీద రెండూ 2.5 దగ్గరే. లేబుల్ మార్చాను, పాతది పారేయకుండా పెట్టె అడుగున ఉంచాను. సీసం ఉన్న రాయి కదా, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.